మోకాలి కింద దిండు

పసుపు తవ్వకాల రోజుల్లో నిజామాబాద్ జిల్లాలో మెండోర నుంచి ఆర్మూర్ దాకా ఏ ఊరికి వెళ్లినా పగటిపూట ఇళ్లకు తాళాలే కనిపిస్తాయి. తాళం పడని ఇంట్లో మంచం మీద మనిషి ఉన్నాడని అర్థం. దుబాయిలో పని చేస్తూ పరంజీ మీంచి జారినవాడు, మోకు తెగి తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడు, 44వ నంబరు జాతీయ రహదారి మీద బండి బోల్తాపడి వెన్నుపూస విరిగిన కుర్రాడు. ఆపరేషన్ అయింది, రాడ్లు వేశారు, కుట్లు విప్పారు. నడుము పడిపోయింది, ఇక ఇంతేనని ఇంటికి తెచ్చుకున్నారు.

కొడుకు మోకాళ్ల కింద తల్లి దిండు పెడుతుంది. కాళ్లు వంచి ఉంచితే వాడికి హాయిగా ఉంటుందని ఆమె నమ్మకం. దాన్ని తీసేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వారాల తరబడి వంగి ఉన్న మోకాలు, వెనక కండరాలు కురచబడి, ఆ వంపులోనే బిగుసుకుంటుంది. సాగిన నవారు మంచంలో తుంటి కూడా అలాగే ముడుచుకుంటుంది. పట్టు లేని పాదం తన బరువుకే ముందుకు వాలిపోతుంటే, పైన కప్పిన దుప్పటి వేళ్లను ఇంకా కిందికి నొక్కుతుంది. పిక్క కండ, మడమ వెనక నరంలా తగిలే ఆ గట్టి తాడు కుంచించుకుపోయాయంటే, పాదాన్ని మళ్లీ నిటారుగా నిలపడం చేతులతో అయ్యే పని కాదు. కొందరికి కాళ్లు కప్పకాళ్లలా బయటికి ఒరిగిపోతాయి. ఇంకొందరికి బిగుతు ఎక్కువై కత్తెరలా మెలిపడతాయి. ఇదంతా ఇంటిల్లిపాది కళ్లముందే, వాళ్లు ప్రేమగా చూసుకుంటుండగానే జరుగుతుంది.

దెబ్బతిన్న వెన్నుపామును తిరిగి అతకడం నేటి వైద్యానికి చేతకాదు. అందుకు ఎవరినీ తప్పుపట్టలేం. పాదం వాలకుండా, మోకాలు ముడుచుకోకుండా చాలావరకు కాపాడడం మాత్రం చేతనవుతుంది. ఆ పని నేర్పకుండా రోగిని ఇంటికి పంపిన ఆస్పత్రి సగం వైద్యమే చేసినట్టు. మా మాట ఇదే.

పాదం వాలిపోయాక చక్రాల కుర్చీ ఇచ్చి ఫొటో దిగితే ఒరిగేదేముంది? పాదం ఫుట్‌రెస్ట్ మీద నిలవదు. వేళ్లు నేలకు రాసుకుంటాయి. స్పర్శ లేదు కనుక తోలు ఊడి నెత్తురు కారినా తెలియదు. చెప్పు పట్టదు. పట్టీలు కట్టి నిలబెట్టే ఫ్రేములో మడమ ఆనదు. ముడుచుకున్న కాళ్లతో పక్కమీద ఏ వైపు పడుకున్నా ఎముక పొడుచుకున్న చోటే బరువంతా పడి పుండు లేస్తుంది. ఆ పుండులో చీము పట్టి ప్రాణం మీదికి వచ్చిన కేసులు ప్రతి పెద్దాస్పత్రికీ తెలుసు.

చేయాల్సిన పని పెద్ద యంత్రాలు అడిగేది కాదు. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్‌లో 1944లో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ వెన్నుపాము దెబ్బతిన్న సైనికులను రాత్రీ పగలూ రెండు గంటలకోసారి పక్కకు తిప్పించాడు. చావుకు వదిలేసిన మనుషులు బతికి, కొలువుల్లోకి, ఆటల్లోకి వెళ్లారు. మన దగ్గర డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడినా, చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసింది. 1966లో వెల్లూరులో మొదలైన పునరావాస కేంద్రం ఆమె పట్టుదల ఫలమే.

ఇంటివాళ్లు నేర్చుకోవాల్సింది ఇంతే. మంచం సాగకుండా గట్టిగా ఉండాలి. మోకాలి కింద దిండు వద్దు. పిక్క పొడవునా పల్చటి దిండు పెట్టి, మడమ గాల్లో తేలేలా చూడాలి. పక్కకు తిప్పినప్పుడు రెండు మోకాళ్ల మధ్య ఒక దిండు ఉండాలి. దుప్పటి బరువు వేళ్ల మీద పడకూడదు. పాదాన్ని నిటారుగా ఉంచే చీలమండ పట్టీ వేస్తే, తీసిన ప్రతిసారీ తోలు చూడాలి. అరగంటకూ ఎరుపు తగ్గకపోతే పట్టీ కొరుకుతోందని గ్రహించి, సరిచేసేదాకా వేయకూడదు. తుంటి, మోకాలు, చీలమండ రోజూ మెల్లగా ఆడించాలి. డాక్టరు సరేనన్నాక కాసేపు బోర్లా పడుకోబెట్టాలి. బలవంతంగా లాగితే పెళుసుబారిన ఎముక విరగొచ్చు.

ఇక్కడ మరో మాట చెప్పక తప్పదు. పసుపు పండే నేల మనది. ఉడుకుడుకు పసుపు పట్టు వేయడం, ఇటుక వేడిచేసి కాపడం పెట్టడం మనకు అలవాటు. స్పర్శ లేని కాలికి అది వైద్యం కాదు, నిప్పు. బొబ్బ లేచాకే తెలుస్తుంది. అలాగే ఉన్నట్టుండి కాళ్లు కొట్టుకుంటే కదలిక వచ్చిందని కొబ్బరికాయ కొట్టే ఇళ్లున్నాయి. చాలాసార్లు అది కండరాల బిగుతు లక్షణం. దానికి మందులున్నాయి, డాక్టరుకు చూపాలి.

ఫిజియోథెరపిస్టులు చాలరన్న జవాబు వినీవినీ విసుగొచ్చింది. ఇంట్లో ఒకరికి నేర్పడానికి కొద్ది రోజులు చాలు, రోగి ఎలాగూ అన్ని రోజులు వార్డులో ఉంటాడు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. వెన్నెముక ఆపరేషన్‌కు డబ్బు కట్టే ప్రభుత్వం ఆ రోగికి చీలమండ పట్టీ, ఇంటికి వెళ్లాక మూడు నెలల ఫిజియోథెరపీ కూడా అదే ప్యాకేజీలో కట్టి తీరాలి. దగ్గర్లోనే, అందులోనూ పల్లెల్లో, దివ్యాంగులకు ఉచిత వైద్యం అందాలని 2016 నాటి హక్కుల చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. నెలకు 4,016 రూపాయల పింఛనుతో బతికే కుటుంబం వారానికోసారి ఆటో మాట్లాడుకుని నిజామాబాద్ పోగలదా? మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లే ‘ఆలన’ బృందాలు రాష్ట్రంలో ఉన్నాయి. నడుము పడిపోయి ఇల్లు చేరిన ప్రతి మనిషి పేరూ వారంలోగా వాళ్ల చేతికి అందాలి. గల్ఫ్ నుంచి స్ట్రెచర్ మీద దిగినవాడి పేరు కూడా.

పసుపు బోర్డు కోసం ఏళ్లకేళ్లు కొట్లాడి, 2025లో దాని ప్రధాన కార్యాలయాన్ని నిజామాబాద్‌లోనే సాధించుకున్న జిల్లా ఇది. దీన్నీ అంతే గట్టిగా అడగాలి. డిశ్చార్జి చీటీలో పాదాల స్థితి రాసే గడి ఒకటి ఉండాలి. ఇంటివాళ్లు మంచం దగ్గర చేసి చూపించాకే దాని కింద సంతకం పడాలి. ఒక ఫోన్ నంబరు కూడా రాయాలి. దిండు ఎక్కడ పెట్టాలో ఆ తల్లికి అనుమానం వచ్చేది ఇంటికి చేరిన మొదటి రాత్రి, తొమ్మిదింటికో పదింటికో. అప్పుడు ఆ ఫోను ఎత్తే మనిషి ఉండాలి.