కుండీలోని మఱ్ఱి

ధర్మవరము నుండి పాకాలకు పోవు రైలుమార్గమున ముదిగుబ్బ యను నూరు కలదు. అది పూర్వము అనంతపురము జిల్లాలోనిది. 2022వ సంవత్సరము నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఊరి చుట్టును ఎఱ్ఱనేలలు, రాతిగుట్టలు, ఆకాశమును నమ్ముకొన్న వేరుసెనగ చేలు. ఈ పీఠభూమిపై సాలుకు కురియు వాన సగటున ఇంచుమించు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియును రైతు కోరిన నాడు కురియదు. ఇట్టి సీమలో నీడనిచ్చు చెట్టు కనబడినచో బాటసారి దాని క్రింద నిలువక పోడు. అట్టి చోట, చెట్టును పెద్దది కానీయక పళ్ళెము వంటి కుండీలో జానెడెత్తున నిలిపియుంచు విద్యను గూర్చి చెప్పబూనుట కొందఱికి వింతగా తోచవచ్చును. “నీరు లేక చెట్లు చచ్చుచున్న నేలలో, బ్రదికిన చెట్టును పొట్టి చేయుటా?” యని వారడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే.

ఆ విద్య పేరు బోన్సాయి. ఇది జపాను భాషలోని మాట. ‘బోన్’ అనగా లోతులేని పాత్ర. ‘సాయి’ అనగా నాటుట. పెంపొందినది జపానులోనే కాని ఈ కళకు పుట్టినిల్లు చైనా. అచట క్రీ. శ. 706వ సంవత్సరమున నిర్మింపబడిన యొక రాకుమారుని సమాధి గోడలపై, చిన్న చెట్లను, రాళ్ళను పళ్ళెములలో నమర్చి పరిచారకులు మోసికొనిపోవు చిత్రములున్నవి. జపానులో 1309వ సంవత్సరపు చిత్రపటములందు కుండీచెట్లు కానవచ్చును. మన దేశమున దీనికి వామనవృక్షకళ యను పేరు వ్యాప్తిలోనికి వచ్చినది. ఆ పేరు పెట్టినవారు పురాణ మెఱిగినవారే. వామనుడు పొట్టివాడు గాని అల్పుడు కాడు గదా! మైసూరులోని అవధూత దత్తపీఠమున కిష్కింధా మూలికా బోన్సాయి వనమను పేర ఇట్టి చెట్ల తోట యొకటి కలదు.

చూచువారు తఱచుగా పొరపడు విషయమొకటి యున్నది. బోన్సాయి యనగా పొట్టిజాతి విత్తనము నుండి పుట్టిన చెట్టని వారి తలంపు. అది సరి కాదు. కుండీలోని చింత విత్తనమును, తోపులోని చింత విత్తనమును ఒక్కటియే. కుండీ చిన్నదగుటచే వేళ్ళకు చోటు చాలదు. రెండు మూడేండ్ల కొకమారు చెట్టును పైకి తీసి, చుట్టలు చుట్టుకొనిన వేళ్ళలో కొంత భాగమును కత్తిరించి, క్రొత్త మన్నుతో మరల నాటుదురు. కొమ్మల చివళ్ళను ఎప్పటికప్పుడు త్రుంచుచుందురు. కొననున్న మొగ్గ తన క్రింది మొగ్గలను ఎదుగనీయదు. దానిని త్రుంచినంతనే ప్రక్క మొగ్గలు మేల్కొని, చెట్టు ఎత్తునకు మాఱుగా గుబురు కట్టును. కొమ్మకు వంపు కావలసినచో రాగితీగను గాని అల్యూమినియము తీగను గాని చుట్టి, అది బెరడులోనికి దిగకమునుపే విప్పివేయుదురు. ఏండ్ల కొలది ఇట్లు చేయగా ఆకులు చిన్నవగును. పూవులు, కాయలు మాత్రము ఆ లెక్కకు లొంగవు. మోకాలెత్తు దానిమ్మకు తోటలోని చెట్టున కాచినట్టి పండే కాచి వ్రేలాడుటయు, ఆ బరువునకు కొమ్మ వంగుటయు చూచినచో ఎట్టి గంభీరునకైనను నవ్వు రాక మానదు.

వేళ్ళు కోయుట, చివళ్ళు త్రుంచుట, తీగలు చుట్టుట యను మాటలు విని, ఇది హింస యనువారున్నారు. వారి దయాబుద్ధిని తూలనాడ పనిలేదు. అయినను ఒకటి చూడవలెను. ధర్మవరము పట్టుచీరలకు పేరుగన్న పట్టణము. ఆ పట్టునకు మూలము మల్బరీ ఆకు. పట్టుపురుగుల మేతకై రైతు మల్బరీ మొక్కను మొదలంట నఱకును. అది మరల చిగిర్చును. ద్రాక్షతోటలో కొమ్మలు కత్తిరింపనిదే కాపు లేదు. వీనిని హింస యని యెవ్వరు ననరు. చెట్టునకు జంతువుల వలె నరములు లేవు. కోతను ఓర్చి చిగిర్చుట దాని పుట్టుక గుణము. ఆకలితో మాడ్చుటచే బోన్సాయి పొట్టిదగునను మాటయు నిజము కాదు. ఎరువు, ఎండ, నీరు చాలని చెట్టు కుండీలో పొట్టిగా నుండదు, చచ్చును. ఇక, కడుపు నింపు పనికై కాక కన్నుల వేడుకకై కత్తిరించుట తగునా యని యడిగినచో, ఆ వేడుకకు మూల్యము దినదినము చెల్లింపవలసియున్నదని చెప్పవలెను. మల్బరీని నఱికిన రైతు నాలుగు దినములు ఊరికి పోయి రావచ్చును. కుండీచెట్టు గలవాడు వేసవిలో ఒక్క దినము మఱచినను చెట్టు దక్కదు.

నిజమునకు ముదిగుబ్బ పరిసరములలో ప్రకృతియే ఈ విద్యను నిత్యము నడుపుచున్నది. గుట్టమీది రాతి నెఱ్ఱెలో పడిన విత్తనము మొలచి, పిడికెడు మన్నుతోను, ఏటికి నాలుగు వానలతోను బ్రదుకును. చిగిర్చినప్పుడెల్ల మేకలు దానిపై నోరు పెట్టును. కొఱుకుడుపడి కొఱుకుడుపడి ఆ రేగుచెట్టు ఎత్తునకు పోక, మొదలు మాత్రము లావెక్కి, ముసలివాని మోకాలు వలె ముడులు పడి నిలుచును. జపాను తోటమాలి కత్తెరతోను తీగతోను చేయు పనిని ఇచట మేకయు, రాయియు, కఱవును కలిసి చేయును.

అంతకంటె చూడదగినది పాడుబడిన బావి గోడ. మఱ్ఱి, రావి, జువ్వి, మేడి పండ్లను గోరువంకలు, కోకిలలు తిని, విత్తనములను రెట్టలతో కూడ బావిరాళ్ళ సందులలోను, గుడిగోపురముల మీదను, పాత మిద్దెల పిట్టగోడల మీదను విడుచును. అచట మొలచిన మఱ్ఱిమొక్క నేలను ఎఱుగదు. సున్నపు పగులులో వేరు జొనిపి, గోడ పీల్చిన వాననీటిని తాను త్రాగి, ఏండ్ల తరబడి మూరెడెత్తుననే యుండును. దానిని వదలినచో నెప్పుడో గోడను చీల్చును. పెరికి పాఱవైచినచో మొక్క చచ్చును. ఈ రెంటికిని నడుమ కుండీ యొకటి చేరినచో గోడయు నిలుచును, మొక్కయు బ్రదుకును. ముదిగుబ్బలో వామనవృక్షమును పెంపగోరు బాలునకు ఇంతకంటె మంచి మొక్క దొరకదు. నర్సరీకి పోయి వేల రూపాయలు పోయుట వ్యర్థము.

ఆ పని చేయుటకు తొలకరి తగిన కాలము. గోడ బాగుగా తడిసిన పిమ్మట, పెద్దవారి తోడు లేనిదే బావి యంచునకు గాని గోపురము మీదికి గాని పోరాదు, మొక్కను మెల్లగా కదల్చి వేరు తెగకుండ బయటికి తీయవలెను. పెద్ద ఆకులను సగము తుంచివేసినచో నీటి యావిరి తగ్గి మొక్క వాడదు. ఎఱ్ఱమన్ను, ముతక ఇసుక, బాగుగా చివికిన పశువుల యెరువు కలిపి, అడుగున రంధ్రము గల మట్టికుండీలో నింపి నాటి, క్రొత్త చివురు కనబడువఱకు నీడలో నుంచవలెను. తొందర పనికిరాదు. రెండేండ్లు మామూలు కుండీలో పెరిగి మొదలు బలిసిన తరువాతనే లోతులేని పాత్రలోనికి మార్చుదురు. మొదటి దినముననే పళ్ళెమును, తీగను కొని తెచ్చువారి చెట్లు తఱచుగా మొదటి వేసవిని దాటవు.

నిందింపదగినది వేఱొకటి కలదు. గుట్టలపై నలువది, ఏబది యేండ్లు కఱవులకు నిలిచి, మేకలకు నిలిచి, సహజముగా ముడులు పడిన ముసలి చెట్టును చూచి, “ఇది తయారైన బోన్సాయి” యని పెల్లగించి తెచ్చువారున్నారు. రక్షితారణ్యము నుండి అట్లు తెచ్చుట చట్టరీత్యా నేరము. చట్టము మాట యటుంచినను, అది బుద్ధిమంతుల పని కాదు. రాతిలో దూరిన తల్లివేరు తెగక బయటికి రాదు; తెగిన పిమ్మట అంత వయసు చెట్టు తిరిగి వేరూనుట అరుదు. పదింటిని పెల్లగించి ఒకదానిని బ్రదికించుకొన్నవాడు తక్కిన తొమ్మిదింటి మాట పైకి చెప్పడు. ఈ పీఠభూమిపై అట్టి చెట్టొకటి పోయినచో ఆ తావు బోడి యగును. గోడమొలకను తెచ్చుటకును, కొండచెట్టును పెల్లగించుటకును పేరొకటియే. పని ఒకటి కాదు.

ఇక నీటి మాట. కఱవుసీమలో బోన్సాయికి ప్రధానమైన యాక్షేపణ యిదియే. ఒక చిన్న కుండీకి దినమునకు చెంబెడు నీరు చాలును. వేసవిలో ఉదయము, సాయంత్రము రెండుమారులు పోయవలెను. ఒక కుండీ యెవరి కొంపయు తీయదు. ముప్పది కుండీలైనచో అది వీధికుళాయి వద్ద బిందెలతో నిలిచినవారి వంతులోనిదగును. కావున ఈ ప్రాంతమున ఒకటి, రెండు చెట్లకు మించి పెంచుట ఉచితము కాదు. అవియును ఎండకు తాళునవై యుండవలెను. చింత ఆకు పుట్టుకతోనే సన్ననిది కావున కుండీలో అందముగా నమరును. కాగితపు పూలచెట్టు మొండిది. శీతలదేశపు చెట్లను తెప్పించి ఇచటి ఎండలో పెట్టుట యొక వెఱ్ఱి.

జపానులో ‘హాచి నో కి’ యను ప్రాచీన నాటకమొకటి కలదు. మంచు కురియు రాత్రి యొక సన్న్యాసి, చితికిపోయిన యొక వీరుని గుడిసెకు వచ్చును. చలి కాగుటకు ఆ యింట కట్టెపుల్ల లేదు. సంపద యంతయు పోయినను ఆ వీరుడు ప్రాణముతో సమానముగా కాపాడుకొన్న కుండీచెట్లు మూడు మాత్రము మిగిలియున్నవి. రేగుజాతి పూలచెట్టు కాదు గాని ప్లము చెట్టొకటి, చెఱ్ఱీచెట్టొకటి, దేవదారును బోలిన పైనుచెట్టొకటి. అతడు వానిని విఱిచి అతిథికై మంట వేయును. ఆ సన్న్యాసి మాఱువేషమున నున్న రాజ్యపాలకుడని తరువాత తెలియును. మూడు చెట్లకు బదులుగా మూడు గ్రామసీమలు ఆ వీరునకు లభించును. బహుమానము నాటకమునకు వలసినది. అంతకంటె విలువైనది గుడిసెలోని నిర్ణయము. చెట్లను ప్రేమించినవాడే, ఎప్పుడు వానిని వదలుకొనవలెనో యెఱిగియుండెను. ఊరిలో పశువులకు త్రాగునీరు కఱవైన యేడు కుండీచెట్టు గలవానికి అట్టి రాత్రియే వచ్చును.

అయితే వదలుకొనుట ఎంత కష్టమో, ఎడతెగక కాపాడుట యంత కష్టమే. 1625వ సంవత్సరము నుండి కుండీలో పెంపబడుచున్న జపాను తెల్లపైను చెట్టొకటి హిరోషిమాలో యమాకి యను వంశమువారి తోటలో నుండెను. 1945వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన ఆ నగరముపై అణుబాంబు పడినది. ఆ తోట అచటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరముననే యుండెను. ఎత్తైన గోడ చాటున నుండుటచే చెట్టు బ్రదికినది. 1976వ సంవత్సరమున మసారు యమాకి దానిని అమెరికా ప్రజలకు కానుకగా నిచ్చెను. ఏ దేశపు బాంబు తన యూరిపై పడెనో ఆ దేశమునకే యిచ్చుట! 2001వ సంవత్సరమున ఆయన మనుమలు వాషింగ్టనుకు వచ్చి చెప్పువఱకు, ఆ చెట్టు బాంబును చూచినదని అచటి ప్రదర్శనశాలవారికి తెలియదు. నాటినవాడు పోయెను, అతని మనుమలు పోయిరి. నీరు పోయు చేయి మాత్రము నాలుగు వందల యేండ్లుగా ఆగలేదు. అచట మెచ్చదగినది చెట్టు పొట్టిదనము కాదు.

ముదిగుబ్బకు ఆగ్నేయముగా కదిరి కలదు. కదిరి నుండి పాతిక కిలోమీటర్లకు కొంచె మెచ్చుతగ్గుగా, గూటిబయలు వద్ద తిమ్మమ్మ మఱ్ఱిమాను ఉన్నది. ఒక్క చెట్టు ఇంచుమించు అయిదెకరముల నేలను కప్పియున్నది. ప్రపంచమున అన్నిటికంటె పెద్ద మఱ్ఱిగా 1989వ సంవత్సరపు గిన్నిస్ గ్రంథమున దీని పేరు ఎక్కినది. మొదటి మానెక్కడనో పోల్చుకొనుట కష్టము. ఊడలే మ్రాకులై, అవియే మరల ఊడలు దింపినవి. దానిని చూచి వచ్చినవానికి కుండీలోని మఱ్ఱి చిన్నతనముగా తోచుట సహజము. కాని జాతి యొకటే, గింజ ఒకటే.

కుండీలో ఎన్నాళ్ళున్నను మఱ్ఱి తన గుణమును మఱవదు. ఇరువది యేండ్లు పెంచిన పిదప, చదువునకో కొలువునకో ఊరు విడువవలసి వచ్చి, నీరు పోయువారు లేకపోయినచో, దానిని తొలకరిలో చెఱువుకట్ట మీద గొయ్యి తీసి నాటవచ్చును. వేళ్ళు సర్దుకొనువఱకు అది కదలినట్లు కానరాదు. పిమ్మట కొమ్మలు చాచును. వ్రేలిగోరంత యాకుల నడుమ అరచేయంత యాకు లేచును. మఱికొన్ని యేండ్లకు కొమ్మల నుండి సన్నని ఊడలు నేల వంకకు దిగనారంభించును.