నిమిషానికి 128 జాయింట్లు

యంత్రం వాయించేది సంగీతం కాదట. ఈ మాట మరో ఊళ్లో ఎవరైనా అంటే విని ఊరుకునేవాణ్ణేమో. భిలాయ్ పక్కన చరోదాలో అన్నారు. భిలాయ్ మార్షలింగ్ యార్డుకు కూతవేటు దూరంలో, మన తెలుగువాళ్ల సంక్రాంతి వేదిక మీద, కాలనీ పిల్లలు ల్యాప్‌టాప్ తెచ్చుకుని పది నిమిషాలు వాయిస్తామంటే, ప్రాణం లేని మోతకు ఇక్కడ చోటు లేదని మైకు లాగేసుకున్నారు. ఆ పిల్లల మొహాలు చూశాను. అప్పట్నుంచీ నా కడుపు మండుతూనే ఉంది.

ప్రాణం లేని మోతా? మనం తిన్న ప్రతి మెతుకూ ఆ మోత పెట్టిందే కదా! విజయనగరం–రాయపూర్ లైను 1931లో పూర్తయింది. మా తాత ఆ దారినే వచ్చాడు. 1959లో భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకుంది. నాన్న నైట్ డ్యూటీలో ఉంటే, వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు వింటూ మేం నిద్రపోయేవాళ్లం. చప్పుడు ఆగిన రాత్రి అమ్మకు కన్ను మూతపడేది కాదు.

1948లో పారిస్ రేడియోలో పనిచేసే పియేర్ షెఫెర్ బాతిన్యోల్ స్టేషన్‌కు వెళ్లి ఇంజిన్ల కూతలు, చక్రాల చప్పుడు రికార్డు చేసుకొచ్చాడు. వాటిని ముక్కలు చేసి, తిప్పి తిప్పి వేసి, ఒక కృతి కట్టాడు. వాయిద్యం లేదు, పాడేవాడు లేడు, రైలు ఉంది. ఈనాటి ఎలక్ట్రానిక్ సంగీతానికి తొలి అడుగుల్లో అదొకటి. 1977లో జర్మనీ నుంచి క్రాఫ్ట్‌వర్క్ బృందం ‘ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్’ తెచ్చింది. ఆ పాట వెనకే ‘మెటల్ ఆన్ మెటల్’ వస్తుంది. ఇనుము మీద ఇనుము పడే దెబ్బ తప్ప అందులో పెద్దగా ఏమీ ఉండదు. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అది ఎవరో పరాయివాడి పాటలా లేదు, మా క్వార్టరు కిటికీలోంచి వచ్చినట్టుంది.

ఒక లెక్క వేసి చూడండి. పాత రైలు పట్టా పొడవు 13 మీటర్లు. రైలు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒక చక్రం నిమిషానికి 128 జాయింట్లు దాటుతుంది. ప్రపంచమంతా రాత్రుళ్లు ఆడే హౌస్ సంగీతానికి బాగా అలవాటైన నడక నిమిషానికి 128 దెబ్బలే! ఇప్పుడు భిలాయ్ మిల్లు నుంచి 260 మీటర్ల పట్టాలు వెళ్తున్నాయి, జాయింట్లు పోయాయి, ఆ టకటక కూడా పోయింది. పట్టా మరిచిన తాళాన్ని ఈ పాటలు పట్టుకుని ఉన్నాయి. వాటినా మీరు గెంటేది?

ఇంగ్లండులో షెఫీల్డ్ కూడా ఉక్కు ఊరే. 1989లో అక్కడ వార్ప్ కంపెనీ వేసిన మొదటి రికార్డు ‘ట్రాక్ విత్ నో నేమ్’. కట్టిన కుర్రాళ్లు తమ బృందానికి ఊళ్లోని ఉక్కు కర్మాగారం పేరే పెట్టుకున్నారు, ఫోర్జ్‌మాస్టర్స్ అని. టెక్నో పుట్టిన డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల ఊరు. ఉక్కు ఊరి పిల్లలకు ఈ పాట నేర్పక్కర్లేదు.

మన దేశానికి ఇది ఎక్కడిది అంటారా? చరణ్‌జిత్ సింగ్ పేరు విన్నారా? బొంబాయి సినిమా పాటలకు వాయించిన మనిషి. 1982లో రోలండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ వాయిద్యాల పెట్టెలు ముందు పెట్టుకుని, డిస్కో తాళం మీద పది రాగాలు వాయించాడు. షికాగోలో అలాంటి పెట్టెతోనే కట్టిన ‘యాసిడ్ ట్రాక్స్’ పాట రావడానికి ఐదేళ్ల ముందు! అందులో యమన్ ఉంది, అంటే మన కల్యాణి. మాల్‌కౌన్స్ ఉంది, మన హిందోళం. హిందోళం ఆ పెట్టెలో బుడబుడమని ఉడుకుతూ పైకి లేస్తుంటే గమకం ఎక్కడికీ పోదు, జారుతూ, వంగుతూ, ప్రతి స్వరాన్నీ తడుముతూ వస్తుంది. అప్పట్లో ఆ రికార్డును పట్టించుకున్నవాళ్లే లేరు. 2010లో మళ్లీ విడుదలయ్యాక లోకం నోరు తెరిచి వింది. ఇరవై ఎనిమిదేళ్లు! మైకు లాగేసుకునే చేతులు మన దేశంలో ఎప్పుడూ ఉన్నాయి.

హార్మోనియంను 1940లో ఆలిండియా రేడియో వెలివేసింది, మూడు దశాబ్దాలు తలుపు తియ్యలేదు. హార్మోనియం లేకుండా మన పద్యనాటకం ఊహించగలరా? వయొలిన్ పడమటి నుంచి వచ్చిందే. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది తెలుగు మాట్లాడింది. విజయనగరం పేరు చెప్పుకుని మురిసే మనకు ఇది ఎవరు గుర్తుచెయ్యాలి? తప్పెటగుళ్లు మాటేమిటి? గుండెల మీద రేకులు కట్టుకుని, రెండు చేతులా బాదుతూ, గంటలకొద్దీ అదే దరువు మీద ఎగిరే ఆట అది. లోహం, దరువు, చెమట. మన తాతలు ఆడిందదే!

ఈ సంగీతమంటే డీజే బండ్ల గోలే కదా అంటారేమో, ఆ సంగతి నాకు చెప్పకండి. ఇళ్ల మధ్య రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దని 2000 సంవత్సరం నుంచి రూల్ ఉంది. కిటికీలు అదిరేలా, ముసలివాళ్ల గుండెలు అదిరేలా మోగించేవాళ్ల మీద కేసు పెట్టండి, సాక్షిగా నేనొస్తాను. తప్పు బాక్సులది, వాల్యూమ్‌ది. ఆ కోపం ఈ పిల్లల మీద తీర్చుకోకండి.

వచ్చే సంక్రాంతికి నా ఉపన్యాసం రద్దు చేసి ఆ పది నిమిషాలు వాళ్లకివ్వండి. వాళ్లు కట్టిన ముక్క నేను విన్నాను. అందులో మొదట వినిపించేది మన యార్డులో వ్యాగన్లు తగులుకునే చప్పుడు. ముందు అది వినండి, తర్వాత తిట్టండి.