మైపాడు తెల్లారుజాము మీ పోర్ట్‌ఫోలియోలో ఉందా?

యానిమేషన్ కోర్సులో చేరాలని ఉందంటూ మన నెల్లూరు తీరపు కుర్రాడొకడు ఈమధ్య తన బొమ్మలు చూపించాడు. మంచుకొండలు, కోటలు, దేవదారు అడవులు. గీత బాగుంది. కానీ ఒక్క సరుగుడు తోపు లేదు, ఒడ్డుకు లాగిన పడవ లేదు, రొయ్యల గుంట లేదు. ‘‘అవేం బొమ్మలు సార్, రోజూ చూసేవేగా!’’ అన్నాడు.

నేను ఒప్పుకోను. మీరూ ఒప్పుకోవద్దు.

డిస్నీ తొలి పూర్తినిడివి చిత్రం ‘స్నో వైట్’ (1937), ఆ తర్వాతి ‘డంబో’ (1941) చూడండి. వెనక కనిపించే ఇళ్లు, చెట్లు, ఆకాశం కాగితం మీద నీటిరంగులతో వేసినవి. పాత్రలకు పారదర్శక షీట్ల మీద చిక్కటి రంగు నింపి, వాటిని ఆ కాగితంపై ఉంచి ఫొటో తీసేవారు. వెనక రంగు మెత్తగా ఉంటే ముందున్న పాత్ర మీద కన్ను నిలుస్తుంది. తర్వాత డిస్నీ పూర్తినిడివి చిత్రాల్లో ఈ పద్ధతి మరుగున పడింది. 2002లో వచ్చిన ‘లిలో అండ్ స్టిచ్’ కోసం ఆర్టిస్టులు మళ్లీ నేర్చుకున్నారు. హవాయిలోని కవాయి దీవికి వెళ్లి, అక్కడి వెలుగును చూసొచ్చారు.

వాళ్లు అంత దూరం వెళ్లి వెతుక్కున్న సముద్రపు వెలుగు మనకు నెల్లూరులో బస్సెక్కితే దొరుకుతుంది!

నీటిరంగుల్లో తెలుపును సాధారణంగా వేయరు, వదిలేస్తారు. అల నురగ ఎక్కడ రావాలో ముందే అనుకుని అక్కడ కాగితం ఖాళీగా ఉంచాలి. తప్పితే ‘అన్‌డూ’ ఉండదు. చేయి కదిలే ముందు కన్ను నిర్ణయించుకోవాలి. ఈ అలవాటు తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పట్టినా పనికొస్తుంది.

‘ఏఐ క్షణంలో వేసిస్తుంటే ఇదంతా ఎందుకు?’ అంటారా? అదిచ్చే మంచుకొండ అందరి దగ్గరా ఉంటుంది. ఇసకపల్లి ఉప్పుమళ్ల మీద మిట్టమధ్యాహ్నం ఎండ ఎలా ఉంటుందో నిలబడి చూసింది మీరు.

అందుకే లక్షల ఫీజు కోసం నాన్న అప్పు చేసే ముందు ఓ రంగుల పెట్టె, రెండు బ్రష్‌లు, మందపాటి కాగితాల పుస్తకం కొనండి. మూడు నెలలు ఒకే చోటును తెల్లారి, మధ్యాహ్నం, మునిమాపు వేళ వేయండి. ఎన్‌ఐడీ డ్యాట్‌ అయినా, హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ యానిమేషన్ ప్రవేశ పరీక్ష అయినా బొమ్మ వేసి చూపించాల్సిందే. అప్పటికీ ఇష్టం తగ్గకపోతే ధైర్యంగా చేరండి. తగ్గిపోతే అప్పు మిగిలినట్టే.

ఆ కుర్రాడికీ ఇదే చెప్పా. కోటలు తర్వాత వేయొచ్చు, ముందు మీ ఊరి పడవ వేసుకురా అని.