ఉలవచారు హోటళ్లకేనా?

పొలాల్లోకి ట్రాక్టర్లు వచ్చాక పల్లెల్లో ఎడ్ల జతలు తగ్గాయి. వాటితోపాటే దాలిలో ఉలవల కుండా పోయింది. ఆ కుండ దాణా కోసం పెట్టిందే. ఉడికిన గుగ్గిళ్లు ఎడ్లకు, వార్చిన కట్టు ఇంటిల్లిపాదికి దక్కేవి. ఇప్పుడదే చారును పట్నం హోటళ్లలో డబ్బిచ్చి తింటున్నారు. ఊళ్లో మాత్రం పశువుల తిండి అని నామోషీ పడుతున్నారు.

ఈ నామోషీ అనవసరం. ఉలవల్లో మాంసకృత్తులు నూటికి 20 పాళ్లకు పైనే. ఇనుమూ ఉంది. వాన ముఖం చాటేసిన ఏడు కూడా చివరి పదునుకు చల్లితే ఎంతో కొంత చేతికొచ్చే పంట ఇది.

గ్యాసు ఖర్చని గృహిణులు వెనకాడుతున్నారు. రాత్రి నానబెట్టి కుక్కరులో పెడితే ఆ బెంగ చాలావరకు తీరుతుంది. పావుకిలో ఉలవలకు 2 లీటర్ల నీళ్లు పోసి, మెత్తబడ్డాక కట్టు వార్చుకోవాలి. గుప్పెడు గుగ్గిళ్లు రుబ్బి కలిపితే చిక్కదనం వస్తుంది. చింతపండు పులుసు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, పసుపు వేసి సన్నని సెగమీద సగానికి మరగనివ్వాలి. తొందరపడితే నీళ్లచారే. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు. వేడి అన్నంలోకి మీగడ ఉంటే సరే, లేకున్నా లోటు లేదు.

ఎడ్లు లేని ఇంట మిగతా గుగ్గిళ్లు పారబోయడం మాత్రం అన్యాయం. మాంసకృత్తులు ఎక్కువగా మిగిలేది వాటిలోనే. పోపు వేసి పిల్లలకు పెట్టాలి. సంక్షేమ వసతి గృహాల్లో వారానికోసారైనా ఉలవచారు, గుగ్గిళ్లు వడ్డించే విషయం అధికారులు ఆలోచించాలి. ఆ ఉలవలు చుట్టుపక్కల మెట్ట రైతుల దగ్గరే కొనాలి.