ఆన్వీక్షికి – దండనీతి : డిగ్రీ స్థాయిలో సహాధ్యయనము

కౌటిల్యుని అర్థశాస్త్రము విద్యలను గూర్చిన వివాదముతో ఆరంభమగుచున్నది. రాజు ఏమి చేయవలెనో చెప్పుటకు ముందు, అతడు ఏమి చదువవలెనను ప్రశ్నను గ్రంథకర్త మన ముందుంచెను. ఆ వివాదము ఈ పత్రికాపాఠకులకు పరిచితమే. మనుసంప్రదాయమునకు చెందిన మానవులు త్రయి, వార్త, దండనీతి అను మూడు విద్యలనే అంగీకరించిరి. ఆన్వీక్షికి త్రయిలో అంతర్భాగమని వారి మతము. బార్హస్పత్యులు వార్తాదండనీతులు రెండే చాలుననిరి. లోకవ్యవహారము నెరిగినవానికి త్రయి ఒక ముసుగు వంటిదని వారి అభిప్రాయము. ఔశనసులు ఇంకను ముందుకు పోయి దండనీతి యొక్కటే విద్య యనిరి. కౌటిల్యుడు ఈ మూడు పక్షములను త్రోసిపుచ్చి, విద్యలు నాలుగని నిర్ణయించి, ఆన్వీక్షికిని మొదట నిలిపెను. సాంఖ్యము, యోగము, లోకాయతము దాని క్రింద చేరినవి. ఇచట యోగమనగా న్యాయవైశేషికములని కొందరు పండితులు వాదించిరి. ఆ చర్చ వేరు. రాజకుమారుని చదువులో లోకాయతమునకు కూడ చోటిచ్చిన ధైర్యమును మాత్రము గమనింపవలెను.

తక్కిన మూడు విద్యల బలాబలములను హేతువులతో పరీక్షించుట ఆన్వీక్షికికి కౌటిల్యుడు అప్పగించిన పని. తత్త్వశాస్త్రమును రాజనీతిశాస్త్రమును జోడించి ఒకే డిగ్రీ పాఠ్యక్రమముగా బోధింపవచ్చునా యను ప్రశ్నను నేనీ నిర్ణయము వెలుగులో పరిశీలింపదలచితిని. బోధింపవచ్చుననియే గాక, ఆ పనికి ప్రాచ్యకళాశాలలకున్న అర్హత ఇతర కళాశాలలకు లేదనియు నా అభిప్రాయము.

పాశ్చాత్యదేశములలో ఈ జోడింపునకు ప్రసిద్ధమైన నమూనా ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున 1920లో నెలకొన్న తత్త్వ–రాజనీతి–ఆర్థికశాస్త్రముల పాఠ్యక్రమము. అంతకు పూర్వము అచట గ్రీకు లాటిను భాషలు, ప్రాచీనచరిత్ర, తత్త్వశాస్త్రము కలిసిన ‘గ్రేట్స్’ అను చదువునకు మిక్కిలి గౌరవముండెడిది. ఆ చదువునకు ఆధునిక విషయములతో సాటి వచ్చునది కావలెనను తలంపుతో క్రొత్తదానిని ‘మోడరన్ గ్రేట్స్’ అనిరి. ప్రాచీనభాషావిద్య తన కడుపులో దాచుకొన్న తత్త్వరాజనీతులను ఆధునికునకు అందించు మార్గమును వారట్లు వెదకుకొనిరి. బ్రిటిషు ప్రధానులైన హెరాల్డ్ విల్సన్, ఎడ్వర్డ్ హీత్, డేవిడ్ కామెరన్, పాకిస్తాను ప్రధానిగా పనిచేసిన బేనజీర్ భుట్టో ఆ చదువు చదివినవారే. అన్నిటిని గూర్చి అనర్గళముగా మాటలాడు నేర్పునిచ్చి దేనియందును లోతునీయదని దానిపై విమర్శ కలదు. మూడింటిలో ఒకదానిని మధ్యలో విడుచుటకు తరువాతి కాలమున విద్యార్థులకు వీలు కల్పించిరి. ఆ విమర్శలో సత్యము కొంత యున్నదనుటకు నా దృష్టిలో అదియే సాక్ష్యము. ఆ మూడు విషయములకు కౌటిల్యుని ఆన్వీక్షికి, దండనీతి, వార్త చక్కగా సరిపోవుట ఒక వింత. కృషి, పశుపాలనము, వాణిజ్యములకు పేరైన ‘వార్త’ నేటి తెలుగులో పత్రికల పాలైనది. దానినిచట విడిచిపెట్టుచున్నాను, దానిని గూర్చి చెప్పుటకు నాకు అధికారము లేదు.

ఇక మన స్థితి. ప్రాచ్యకళాశాలలలో తత్త్వము లేదా? కలదు. రాజనీతి లేదా? అదియు కలదు. రెండును వేరువేరు గదులలో నున్నవి. తర్కవేదాంతములు చదువు సంస్కృతవిద్యార్థికి రాజ్యమను మాట సాదృశ్యములలో తప్ప వినబడదు. తెలుగు విద్యార్థి రాజనీతిని కావ్యభాగముగా చదివి, అలంకారములు గుర్తించి ముగించును. సాధారణ డిగ్రీ కళాశాలలలో చరిత్ర–ఆర్థిక–రాజనీతిశాస్త్రముల వర్గము దీర్ఘకాలము రాజ్యమేలినది. దానిలో తత్త్వశాస్త్రమునకు చోటు దొరకుట అరుదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కళాశాలకు మౌఖికపరీక్షకై వెళ్లితిని. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి రాజనీతిభాగము పాఠ్యము. ఒక విద్యార్థిని అడిగిన పద్యమునకెల్ల ప్రతిపదార్థము తడుముకొనకుండ చెప్పెను. ఈ నీతులు ఎవరు ఎవరికి చెప్పుచున్నారని యడిగితిని. యామునాచార్యులు కుమారునికని బదులు వచ్చినది. ఆచార్యునకు రాజ్యమెట్లు వచ్చినదమ్మా యంటిని. ఆమె తల వంచుకొని, “ఆ భాగం మాకు లేదండీ” అనెను. తప్పు ఆమెది కాదు. పద్యసంఖ్యలు చూచి పాఠ్యభాగమును కోసినవారిది. అట్టి కోతలకు సంఘసభ్యుడనై తల యూపిన నాదియును.

యామునునకు రాజ్యము వాదమువలన వచ్చినది. పాండ్యరాజసభలో పరమతవిద్వాంసులను జయించి రాజ్యభాగమును పొందెను. పిదప శ్రీరామమిశ్రుని ప్రబోధమున రాజ్యమును విడిచిపోవుచు కుమారునకు రాజనీతిని ఉపదేశించెను. తత్త్వవాదముతో రాజ్యములో ప్రవేశించి, తత్త్వజిజ్ఞాసతోనే దానినుండి నిష్క్రమించిన వాని నోట శ్రీకృష్ణదేవరాయలు తన రాజ్యానుభవమునంతయు పలికించెను. మోక్షమునకై బయలుదేరినవాడు దుర్గములను, ధనాగారమును, చారులను, అమాత్యుల విశ్వసనీయతను గూర్చి అంత నిశితముగా ఏల చెప్పవలెను? ఇది వైరుధ్యమా, లేక రాజ్యమును కోరనివాడే దానిని నిష్పక్షపాతముగా చూడగలడను కవి సిద్ధాంతమా? ఈ ప్రశ్న తెలుగు పత్రమునను పుట్టదు, దర్శనపత్రమునను పుట్టదు. రెంటిని ఒకే బల్లపై పరచినప్పుడే పుట్టును.

రాజనీతి తరగతికి తర్కము ఏమి చేయగలదో ఒక ఆధునికోదాహరణమున చూపెదను. 1967లో గోలక్‌నాథ్ వ్యాజ్యమున, తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నాయకత్వమున, సుప్రీంకోర్టు 6–5 ఆధిక్యముతో ప్రాథమికహక్కులను హరించు సవరణాధికారము పార్లమెంటునకు లేదని తీర్పు చెప్పెను. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి వ్యాజ్యమున 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనము 7–6 ఆధిక్యముతో దానిని సవరించి, పార్లమెంటు రాజ్యాంగమున ఏ భాగమునైనను సవరింపవచ్చును గాని దాని మౌలికస్వరూపమును మార్పరాదని నిర్ణయించెను. ఆ ఏడుగురిలో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానపు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన పి. జగన్మోహన రెడ్డి ఒకరు. వాది కేరళలోని ఎడనీరు మఠాధిపతి, అద్వైతసంప్రదాయపు సన్న్యాసి. భూసంస్కరణ చట్టములవలన మఠభూములకు కలిగిన బాధతో న్యాయస్థానమున కెక్కిన వాడు. ఆత్మస్వరూపమును బోధింపవలసిన యతి రాజ్యాంగస్వరూపచర్చకు నిమిత్తమగుట నాకు ఎప్పుడును ముచ్చటగనే తోచును.

రాజనీతి తరగతిలో ఈ తీర్పు ఒక తేదీగా, ఒక ఫలితముగా చెప్పబడుచున్నది. అదే తరగతిలో తర్కసంగ్రహము చదివిన విద్యార్థి ఒకడుండెనేని, స్వరూపమనగా నేమని యడుగును. లక్షణమనగా అసాధారణధర్మము గదా. ఆ న్యాయమూర్తులు చెప్పిన మౌలికాంశములలో ఏది అసాధారణము? గణతంత్రము, లౌకికత్వము ఇతర రాజ్యాంగములందును కలవు. విడివిడిగా అతివ్యాప్తి తప్పదు. అన్నిటి సముదాయమే లక్షణమందుమా, న్యాయమూర్తులిచ్చిన జాబితాలు ఒకదానితో నొకటి సరిపోలవు. జాబితా మారినచో లక్ష్యము మారునా? ఇంతకంటె లోతైన ప్రశ్న మరొకటి కలదు. పచ్చికుండను ఆవములో కాల్చినప్పుడు రంగు మారును. వైశేషికుల పీలుపాకవాదమున పూర్వఘటము పరమాణువులుగా నశించి క్రొత్త ఘటము పుట్టినది. నైయాయికుల పిఠరపాకవాదమున ఘటమదే, రూపము మాత్రము మారినది. శతాధికములైన సవరణలు పొందిన 1950 నాటి రాజ్యాంగము నేడును అదే రాజ్యాంగమా? ఎంతవరకు మారినను ‘అదియే ఇది’ యను ప్రత్యభిజ్ఞ నిలుచును, ఏ హద్దు దాటినచో తప్పును? ఆనాటి ధర్మాసనము సుమారు అరువది యెనిమిది దినములు వాదములు విన్నది ఈ ప్రశ్నకు సమాధానముకొరకే యని నేనందును. ప్రత్యుపకారముగా రాజనీతి తర్కమునకు ఇచ్చునదియు తక్కువ కాదు. పర్వతమందలి ధూమముతో, నేలమీది ఘటముతో తృప్తిపడిన విద్యార్థికి, లక్షణదోషమువలన ఒక పౌరుని హక్కు పోవచ్చునని మొదటిసారి తెలియును.

ఆక్షేపణలు లేకపోలేదు. ఉద్యోగమేదియను ప్రశ్న సహజము. భాషాపండిత పదవికొరకు వచ్చు విద్యార్థిని క్రొత్త పట్టముతో వీధిని పడవేయరాదు. అందుచే దీనిని స్వతంత్రపట్టముగా ఒక్కమారు నెలకొల్పుమని నేననను. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో 2023–24 నుండి ప్రధానవిషయముతో పాటు అనుబంధవిషయమును ఎన్నుకొను పద్ధతి అమలులోనికి వచ్చినది. అట్టి ఏర్పాటున తెలుగు లేక సంస్కృతము ప్రధానముగా, తత్త్వరాజనీతులు జంటగా అనుబంధముగా ఆరంభింపవచ్చును. బోధకుల కొరత నిజమే. ఇద్దరు అధ్యాపకులు ఒకే తరగతిలో నిలిచి ఒకరినొకరు ఖండించుకొనినచో సగము కొరత తీరును. ఆ దృశ్యము విద్యార్థులకు పాఠ్యపుస్తకముకంటె ఎక్కువ నేర్పును.

మూడవ ఆక్షేపణ బరువైనది. ప్రాచ్యకళాశాల చేతిలో పడినచో ఈ పాఠ్యక్రమము ప్రాచీనుల స్తోత్రపాఠమగునని కొందరు మిత్రులు భయపడుచున్నారు. వారి భయము అకారణమని చెప్పజాలను. అన్నియు మన గ్రంథములలోనే యున్నవను వాక్యమును మన సదస్సులలో నేను లెక్కకు మించి వింటిని. కౌటిల్యుడు ఆన్వీక్షికికి పెద్దపీట వేసెను. ఆ వెంటనే త్రయిని గూర్చి చెప్పుచు వర్ణాశ్రమధర్మములను విధించి, వాని రక్షణభారమును రాజదండముపై మోపెను. పరీక్షింపుమన్నవాడే ఒక ద్వారము మూసినాడా? ఈ ప్రశ్న నడుగని తరగతిలో అర్థశాస్త్రమును బోధింపకుండుటయే మేలు.

ఈ కారణముచేతనే డాక్టర్ అంబేద్కరు రచించిన ‘కులనిర్మూలన’ ఈ పాఠ్యక్రమమున అనివార్యమని నా మతము. 1936లో లాహోరు సభకై వ్రాసిన ప్రసంగమది. ఆహ్వానించినవారు సభను రద్దు చేయగా ఆయన స్వయముగా ముద్రించెను. కొలంబియా విశ్వవిద్యాలయమున జాన్ డ్యూయీ వద్ద తత్త్వము విన్నవాని రచన యగుటచే, సమాజసంస్కరణమునకు రాజకీయసంస్కరణమునకు గల సంబంధమును అది తత్త్వభూమికపై నిలిపి చర్చించినది. గాంధీజీ ‘హరిజన్’ పత్రికలో దానిని విమర్శించిరి. ఆ విమర్శను, తన ప్రత్యుత్తరమును కలిపి అంబేద్కరు 1937లో రెండవ ముద్రణ వెలువరించెను. వాదగ్రంథములలో పరవాక్యమును పూర్తిగా ఉదాహరించి పిదప ఖండించు మర్యాద మనకు తెలిసినదే. ఆ మర్యాద ఇరువదవ శతాబ్దమున ఇంత నిండుగా పాటింపబడిన గ్రంథములు అరుదు. ప్రాచ్యకళాశాలలలో దానికి ఇంతవరకు చోటు దొరకకపోవుట మన శాస్త్రపద్ధతికే లోపము.

1909లో మైసూరున ఆర్. శామశాస్త్రి అర్థశాస్త్రమును ముద్రించి శతాబ్దము దాటినది. అప్పటినుండి దానిని చరిత్రకారులు చదివిరి, ఆర్థికవేత్తలు చదివిరి, దౌత్యవేత్తలు ఉదాహరించిరి. దాని తొలి ప్రకరణమునందలి నాలుగు పక్షములను వాదముగా నడపగల శాస్త్రశిక్షణ మన కళాశాలలలో మిగిలియున్నది. ఇంకెంతకాలము మిగులునో చెప్పలేము. పండితులు పదవీవిరమణ చేయుచున్నారు, ఆ స్థానములు నిండుట లేదు.

ఈ అనుబంధపాఠ్యమునకు ఒక నమూనా ప్రశ్నపత్రమును వ్రాసికొంటిని. మా శాఖలో చూపగా ఒకరు నవ్విరి, ఇద్దరు ప్రతులు తీసికొనిరి. దానిలో మొదటి ప్రశ్న ఇది: కౌటిల్యుని త్రయీనిర్ణయమును, ‘కులనిర్మూలన’లోని వాదమును ఎదురెదురుగా నిలిపి, వానిలో ఏది పూర్వపక్షమో మీరే నిర్ణయించి, హేతువులు చూపుడు.