కత్తికి ముందు ఒర

ఈ వారం జాబు ప్రొద్దుటూరు నుంచి. రాసినావిడ తన పేరు వెయ్యవద్దన్నారు. సంగతి ఇది: ఆవిడ కొడుకు కాలేజీలో చదువుతున్నాడు. సెలవుల్లో స్నేహితులతో జమ్మలమడుగు మీదుగా గండికోట వెళ్ళి, పెన్న లోయ దగ్గర గుడారం వేసుకుని రెండు రాత్రులు గడపాలని అతని ముచ్చట. దానికోసం నడుముకు తగిలించుకునే కత్తి ఒకటి కొనిపెట్టమంటున్నాడు. "మా వైపు కత్తి అంటేనే మాకు భయం. కొనివ్వనా, వద్దంటానా? కొనిస్తే ఎలాంటిది కొనివ్వాలి?" అని ఆవిడ ప్రశ్న.

ముందు భయం సంగతి చూద్దాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పేర్లు చెప్పగానే పైజిల్లాలవారి కళ్ళకు సినిమాలో వేటకొడవళ్ళు కనిపిస్తాయి. ముఠాకక్షల్లో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళు ఆ ప్రాంతంలో నిజంగానే ఉన్నాయి గనుక తల్లి భయాన్ని తేలిక చెయ్యడం నా ఉద్దేశం కాదు. కాని అదే ప్రాంతంలో గొర్రెల కాపరి చేతిలో మచ్చుకత్తి ఉంటుంది. పులివెందుల వైపు చీనీతోటలో ఎండుకొమ్మ కోసేదీ, అరటిగెల దింపేదీ కత్తే. పొద్దున లేచి మీరు వంకాయలు తరిగేదీ కత్తే. ఇవేవీ ఎవరినీ భయపెట్టవు. ఎందుకని? వాటికి చెయ్యవలసిన పని ఒకటి ఉంది. పని కాగానే ఉండవలసిన చోటు ఒకటి ఉంది. నడుముకు కట్టుకునే కత్తికి ఆ చోటే ఒర.

అంచేత నా సలహా ముందే చెబుతున్నాను. కొనివ్వండి. కాని అలుగు మెరుపు చూసి కాక, ఒర చూసి కొనివ్వండి. అంగట్లో కుర్రవాళ్ళందరూ దీనికి తారుమారుగా చేస్తారు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 1959 నాటి ఆయుధాల చట్టం కింద చేసిన నిబంధనలు 9 అంగుళాల కన్నా పొడుగు గాని, 2 అంగుళాల కన్నా వెడల్పు గాని ఉన్న కత్తులను ఆయుధాల పద్దులో చేర్చాయి. ఇంటిపనికీ సేద్యానికీ చేసినవాటిని మినహాయించాయి. మనకు కావలసింది ఆ కొలతలో సగం కూడా ఉండదు. అయినంత మాత్రాన బజారులో నడుముకు కట్టుకుని తిరగవచ్చునని కాదు. ఊళ్ళోనూ, బస్సులోనూ అది మూటలో, మిగతా సామాను అడుగున ఉండాలి. మరొకటి: కడప జిల్లాలోనే లంకమల్లేశ్వర అభయారణ్యం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి ముందుగా రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఆయుధం తీసుకుపోకూడదు. ఆ చట్టం ఆయుధాలంటూ చెప్పినవాటిలో కత్తి కూడా ఉంది. ఎర్రచందనం పెరిగే అడవుల్లో కత్తితో కనబడిన కొత్తవాణ్ణి అధికారులు ఎలా చూస్తారో చెప్పనక్కరలేదు. కనుక ఆ వైపు వెళ్ళేటప్పుడు కత్తిని ఇంట్లోనే వదిలి వెళ్ళమనండి.

ఇక కత్తి. గుడారం దగ్గర ఉండే పనులేమిటి? తాడు కొయ్యడం, గుడారం మేకులు చెక్కుకోవడం, పొయ్యిలోకి ఎండుపుల్లలు సన్నగా చీల్చడం, ఉల్లిపాయ, టమాటా తరగడం. వీటికి అలుగు 4 అంగుళాలు చాలు, 5 అయితే ఎక్కువ. మందం 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండాలి. అంతకన్నా మందమైతే ఉల్లిపాయ తెగదు, పగులుతుంది. వాదర ఒక్కవైపే ఉండాలి. రెండు వైపులా పదునున్నది బాకు, మనకు పనికిరాదు. వెనకవైపు రంపపు పళ్ళూ, పిడిలో దిక్సూచీ, అగ్గిపుల్లల డబ్బా ఉన్న కత్తులు వస్తున్నాయి. బొమ్మల కొలువులో పెట్టుకోవడానికి బాగుంటాయి. పిడి బోలుగా ఉంటే అది విరిగేది సరిగ్గా పని మధ్యలోనే.

ఉక్కు రెండు రకాలు. తుప్పు పట్టనిదానిలో క్రోమియం నూటికి పదిన్నర పాళ్ళకు పైగా ఉంటుంది. తడి తగిలినా ఓర్చుకుంటుంది, సాన పట్టడం కాస్త కష్టం. మామూలు కార్బన్ ఉక్కు తొందరగా పదునెక్కుతుంది. కాని తుడవకుండా పెడితే ఒక్క రాత్రిలో మచ్చపడుతుంది. చింతపండో నిమ్మకాయో తగిలితే అంతసేపు కూడా ఆగదు. శ్రద్ధ ఉన్నవాడికి రెండోది, లేనివాడికి మొదటిది. మీ అబ్బాయి ఏ కోవవాడో మీకే బాగా తెలుసు.

అంగడి కత్తే కొనాలని లేదు. లారీ కమానుపట్టీ ముక్కతో మంచి కత్తి చేసిచ్చే కమ్మరి పనివారు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. ఆ పట్టీలో కార్బన్ నూటికి సుమారు 0.6 పాళ్ళు ఉంటుంది, కత్తికి సరిపోతుంది. అసలు కిటుకు పాయనం పెట్టడంలో ఉంది. ఇనుము అయస్కాంతానికి అంటుకోనంతగా, అంటే సుమారు 770 డిగ్రీలు దాటేదాకా ఎర్రగా కాల్చి నూనెలో ముంచుతారు. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్ళీ 200 డిగ్రీలకు కాస్త పైన, వరిగడ్డి రంగు తేలేదాకా వెచ్చచేస్తే పెళుసుతనం పోయి గట్టితనం మిగులుతుంది. ఈ రెండోమారు వెచ్చచెయ్యడం మానేస్తే మొన విరుగుతుంది. మొదటిదే సరిగ్గా కాకపోతే వాదర మడతపడుతుంది. పరీక్ష సులువు. ఆకురాయితో వాదర దగ్గర నెమ్మదిగా గీయండి. జారిపోతే పాయనం కుదిరినట్టు, సులువుగా కొరికితే కుదరనట్టు.

పిడి విషయంలో ఒక్కటే అడగండి. అలుగు ఇనుము పిడి చివరిదాకా ఉన్నదా, లేక కొంచెం లోపలికి పోయి ఆగిందా? చివరిదాకా ఉండి, రెండువైపులా చెక్క వేసి రివెట్లు కొట్టినది మేలు. తుమ్మచెక్క చవక, గట్టి. మరీ నునుపు చెయ్యవద్దనండి. మన ఎండలకు అరచెయ్యి చెమరిస్తే నున్నటి పిడి జారుతుంది. జారిన చెయ్యి పోయేది వాదరమీదికే.

ఇప్పుడు ఒర. కత్తితో పాటు వచ్చే ఒరలు చాలావరకు అమ్మకం కోసం చేసినవి, వాడకం కోసం కాదు. పల్చని తోలు రెండు మడతలు చేసి అంచున మిషన్ కుట్టు వేస్తారు. కత్తి లోపలికి పోయిన ప్రతిసారీ వాదర ఆ కుట్టునే రాసుకుంటుంది. నెల తిరిగేసరికి దారం తెగుతుంది. ఆ సంగతి పైకి కనబడదు. కుర్రవాడు రాళ్ళ మీద కాలు జారి కూలబడిననాడు తెలుస్తుంది. తొడ లోపలి వైపున పెద్ద రక్తనాళం ఉంది. అది తెగితే ఆసుపత్రి చేరేదాకా కూడా వ్యవధి ఇవ్వదు. లోయ అంచు నుంచి జమ్మలమడుగు ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో ఆ దారిన పోయినవారికి తెలుసు. అంచేత ఒరను బాగుచేసుకోవడం సింగారం కోసం కాదు.

చెప్పులు కుట్టే మంచి పనివాని దగ్గర ఆరె, రంపె, మైనం పూసిన దారం ఉంటాయి. ఈ పనికి అవి చాలు. చేయించవలసినవి అయిదు.

మొదటిది తోలు. 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎనుపతోలో, ఆవుతోలో కావాలి. తంగేడుచెక్క, కరక్కాయ వంటివాటితో పదునుచేసిన తోలు తడిపితే మెత్తబడుతుంది, ఏ రూపంలో ఆరబెడితే ఆ రూపంలో నిలుస్తుంది. క్రోముతో పదునుచేసినది అలా నిలవదు. కోసిన అంచు నీలిబూడిద రంగుగా ఉంటే అది క్రోము తోలని చాలామట్టుకు పోల్చుకోవచ్చు. మన లందెల్లో తంగేడుచెక్క రసంలో తోళ్ళు నానవేసిన పెద్దలకు పుస్తకాలు లేకుండానే ఈ తేడా తెలుసు.

రెండవది లోపలి పట్టీ. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. వాదర ఆనుకునే వైపున, రెండు పొరల మధ్య అరంగుళం వెడల్పు తోలుపట్టీ పెట్టి, మూడింటినీ కలిపి కుట్టాలి. అప్పుడు వాదర పట్టీకి తగులుతుంది గాని దారానికి తగలదు. పాత ఒరను విప్పి ఈ ఒక్క పట్టీ వేయించినా సగం ప్రమాదం తప్పినట్టే.

మూడవది కుట్టు. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఉండాలి. ప్రతి రంధ్రంలోనూ ఒకటి ఇటునుంచి అటు, ఒకటి అటునుంచి ఇటు రావాలి. ఒక పోగు తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. మిషన్ కుట్టు ఒకచోట తెగితే వరసగా ఊడివస్తుంది.

నాలుగవది అచ్చు. కుట్టిన ఒరను చల్లని నీళ్ళలో కొద్ది నిమిషాలు నానవెయ్యాలి. కత్తికి నూనె రాసి, పల్చని ప్లాస్టిక్ కాగితం చుట్టి లోపల దోపాలి. పిడి సగందాకా ఒరలో దిగాలి. బొటనవేళ్ళతో తోలును పిడి చుట్టూ నొక్కి, నీడలో ఒక రోజంతా ఆరనివ్వాలి. కడప ఎండలో పెడితే అప్పడంలా ముడుచుకుంటుంది. బాగా ఆరాక మంచంమీద పరుపు పరచి, దానిపైన ఒరను తలకిందులు చేసి మెల్లగా ఊపండి. కత్తి జారకూడదు. ఫిన్లండు దేశంలో పుక్కో అనే చిన్న కత్తి ఇంటింటా ఉంటుంది. దాని ఒరకు కట్టూ, బొత్తామూ సాధారణంగా ఉండవు. పిడి లోతుగా దిగి, తోలు పట్టువల్లనే నిలబడుతుంది. మనం అంత పట్టుదలకు పోకుండా పిడిచుట్టూ ఒక వారూ, టిచ్‌బటనూ వేయించుకోవడం మంచిది.

అయిదవది వేలాడే తీరు. బెల్టు దూర్చే పట్టీ రెండు వరసల కుట్టుతో ఉండాలి, రివెట్టు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఒర తుంటికి పక్కన, కాస్త వెనగ్గా ఉండాలి. పొత్తికడుపు ముందు వేలాడకూడదు. కూర్చుంటే కొస నేలను పొడిచి కత్తిని పైకి తోస్తున్నదేమో చూసుకోండి. అడుగున పెసరగింజంత రంధ్రం ఒకటి ఉంటే లోపలికి చేరిన నీళ్ళు కారిపోతాయి.

తోలు ఆరాక పైన కొంచెం ఆముదం గాని, కరిగించిన తేనెమైనం గాని రుద్దితే చాలు. కిర్రుచెప్పులకు ఆముదం పెట్టిన తాతలు ఈ పని మనకు ఎప్పుడో నేర్పిపోయారు. మరీ ఎక్కువ పట్టిస్తే తోలు మెత్తబడి అచ్చు పోతుంది. ఊరినుంచి వచ్చాక కత్తిని ఒరలో ఉంచి అటకమీద పడెయ్యవద్దు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఉక్కు మచ్చలు పడుతుంది. తుడిచి, చుక్క నూనె రాసి, కత్తిని విడిగా దాచాలి. సాన పట్టడానికి గుమ్మంలో కడపబండ ఉందిగదా అంటారేమో. అది సున్నపురాతి జాతి, ఉక్కుకన్నా మెత్తన. దానిమీద రుద్దితే కత్తికన్నా బండే ఎక్కువ అరుగుతుంది. సానరాయి వేరే కొనండి.

కుర్రవాడికి చెప్పవలసిన మాటలు మూడే. కత్తి తీసేటప్పుడు ఒరను వాదర వైపు వేళ్ళతో చుట్టి పట్టుకోకూడదు. కుట్టు తెగి ఉంటే తెగేవి వేళ్ళే. ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఒరలో పెట్టి ఇవ్వాలి. పని కాగానే "ఇప్పుడే మళ్ళీ తీస్తానుగా" అనకుండా లోపల పెట్టాలి. గండికోట గోడలమీద పేరు చెక్కడం కత్తి పనుల్లో లేదని కూడా ఒక మాట వేసుకోండి.

చివరగా, అమ్మా, మీకు ఒక ఉపాయం. కత్తికి డబ్బు మీరివ్వండి. ఒర మాత్రం కొని ఇవ్వకండి. ఆ అబ్బాయినే తోలు తెమ్మనండి, కుట్టే పనివాని పక్కన ఒక పూట కూర్చోమనండి, తడిపి అచ్చు తీసి ఆరబెట్టే పని తన చేతులతో తననే చెయ్యమనండి. దీనికి రెండుమూడు రోజులు పడుతుంది. ఆ రెండుమూడు రోజుల్లో అతనికి ఓపిక మిగిలితే కత్తి చేతికివ్వండి. ఓపిక చాలక ఒర సగంలో వదిలేస్తే, కత్తిని కూడా వచ్చే ఏటిదాకా మీ బీరువాలోనే ఉండనివ్వండి.

(వచ్చేవారం: ఇంట్లో కత్తిపీట, దాని పీటకు పట్టే పురుగు)