షెడ్డుకి సింగిల్ ఫేజా, త్రీ ఫేజా?

‘ఒక ఫేజ్ పోయినట్టుంది’ అనే మాట వినని ఇల్లు మన దగ్గర ఉండదు. హాల్లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, వంటింట్లో ఫ్రిజ్ ఆగిపోతుంది. ఎవరో ఒకరు మీటర్ దగ్గరికెళ్లి ఛేంజోవర్ తిప్పుతారు. ఫేజుల మీద మన ఆసక్తి అక్కడితో సరి. మా బావకి మాత్రం ఈ వేసవిలో అంతకంటే ఎక్కువ తెలుసుకోవాల్సి వచ్చింది.

బావ మా మేనత్త కొడుకు. ఊళ్లో చెక్కపని షెడ్డు పెట్టుకుంటూ, మూతపడిన ఒక వర్క్‌షాపు నుంచి సెకండ్ హ్యాండ్ రందా మెషిన్ కొన్నాడు. 3 హెచ్‌పీ మోటార్. తీరా తెచ్చాక చూస్తే అది త్రీ ఫేజ్, షెడ్డు మీటరేమో సింగిల్ ఫేజ్. “ఏరా ఇంజినీరూ, ఒక కెపాసిటర్ తగిలిస్తే నడుస్తుందంటున్నారు, నిజమేనా?” అని ఫోన్. నేను రాసేది కోడ్. కానీ చుట్టాల్లో బీటెక్ వాడు ఒకడుంటే ఫ్యాన్ నుంచి ప్రింటర్ దాకా అన్నీ వాడి సబ్జెక్టే.

ఫ్యాన్‌తోనే మొదలుపెట్టాను. పాత సీలింగ్ ఫ్యాన్‌లో కెపాసిటర్ పోతే ఏమవుతుంది? గుయ్‌మంటుంది కానీ కదలదు. కర్రతో రెక్కని ఒక్క తోపు తోస్తే, ఎటు తోస్తే అటు తిరుగుతుంది. సింగిల్ ఫేజ్ స్వభావమే అది. కరెంట్ ముందుకీ వెనక్కీ ఊగుతుందే తప్ప ఎటు తిరగాలో మోటార్‌కి చెప్పదు. ఆ మొదటి తోపు కోసమే కెపాసిటర్. పైగా 50 హెర్ట్జ్ కరెంట్‌లో పవర్ సెకనుకి 100 సార్లు సున్నాకి పడి లేస్తుంది. ఒక్క పెడల్ ఉన్న సైకిల్ తొక్కినట్టే.

త్రీ ఫేజ్‌లో మూడు వైర్లు ఒకదాని వెనక ఒకటి, 120 డిగ్రీల తేడాతో వంతులు తీసుకుంటాయి. ఒకటి తగ్గేలోపు ఇంకోటి అందుకుంటుంది. అందుకే అయస్కాంత క్షేత్రం తనంతట తానే గుండ్రంగా తిరుగుతుంది, మోటార్ దాని వెంట పడుతుంది. కెపాసిటర్ అక్కర్లేదు, పవర్ కూడా ఎక్కడా తెగదు. 1891లో జర్మనీలో లాఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి 175 కిలోమీటర్లు త్రీ ఫేజ్ కరెంట్ పంపి చూపించాక, ఫ్యాక్టరీలన్నీ దీని వైపే వచ్చాయి.

ఇంట్లో 230 వోల్టులు, షెడ్డులో 400 అంటే అది వేరే కరెంట్ అనుకుంటారు చాలామంది. కాదు. ఒక ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230. ఫేజ్‌కీ ఫేజ్‌కీ మధ్య కొలిస్తే దానికి 1.732 రెట్లు, అంటే సుమారు 400. పాత మోటార్ ప్లేట్ల మీద 415 అని ఉంటుంది. బావ మోటార్ ఒక్కో వైర్లో 5 ఆంపియర్ల లోపే లాగుతుంది. అదే 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారైతే 15 దాటుతుంది. స్టార్ట్ చేసిన ప్రతిసారీ పక్కింటి లైట్లు కూడా డిమ్ అవుతాయి.

ఇక ఆ కెపాసిటర్ చిట్కా. నడుస్తుంది, అబద్ధం కాదు. బోరు మోటార్లకి అలా పెట్టి నడిపేవాళ్లని ఊళ్లో చూస్తూనే ఉంటాం. కానీ పూర్తి బలం రాదు. గట్టి టేకు దుంగ పడిందంటే కాయిల్ వేడెక్కుతుంది. నడుస్తున్న త్రీ ఫేజ్ మోటార్‌కి ఒక ఫేజ్ పోయినా ఇదే గతి. మోటార్ ఆగదు, మిగతా రెండు వైర్ల నుంచి ఎక్కువ లాగి కాలిపోతుంది. అందుకే మూడూ కలిసి పడే ఎంసీబీ, ఓవర్‌లోడ్ రిలే, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ఉండాలి.

ఇంకో దారి వీఎఫ్‌డీ. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే డబ్బా. నాకిది బాగా నచ్చింది, లోపలున్నది కొంతైనా మన సాఫ్ట్‌వేరే కదా! అయితే మామూలు రకం 230 వోల్టులే ఇస్తుంది. స్టార్‌లో కట్టిన 415 మోటార్‌ని డెల్టాకి మార్చాలి. టెర్మినల్ బాక్సులో ఆరు కొసలు బయటికి ఉంటేనే అది సులువు. పైగా ఇన్‌పుట్ వైపు 20 ఆంపియర్ల దాకా లాగొచ్చు కాబట్టి, ఇంట్లో 16 ఆంపియర్ల ప్లగ్గుకి పెట్టే వ్యవహారం కాదు. ఒక్క మెషినే అయితే వీఎఫ్‌డీ చాలు. బావ దసరాకి రంపం మెషిన్ కూడా కొంటానన్నాడు. “అయితే త్రీ ఫేజ్ కనెక్షన్‌కి అప్లై చెయ్యి బావా” అన్నాను.

స్టార్టర్ దగ్గర మాత్రం మేం వాదించుకున్నాం. మామూలు స్విచ్ చాలంటాడు. కరెంట్ పోయిందనుకో, బ్లేడులో ఇరుక్కున్న చెక్క తీయడానికి చెయ్యి పెడతాం. స్విచ్ ఆన్‌లోనే ఉంది, అప్పుడే కరెంట్ వచ్చింది! డీఓఎల్ స్టార్టర్ ఉంటే కరెంట్ పోగానే దాని కాయిల్ వదిలేస్తుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కేదాకా మోటార్ కదలదు. మన ఊళ్లలో కరెంట్ పోయి రావడమెంత మామూలో తెలిసిందేగా. బావ తన పదివేళ్లూ ఒకసారి చూసుకుని ఒప్పుకున్నాడు.

పోయిన వారం కనెక్షన్ వచ్చింది. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి మోటార్‌కి రెండు ఎర్త్‌లు కట్టాడు, బెల్టు తీసేసి, బటన్ నొక్కి వెంటనే ఆపాడు. మోటార్ ఉల్టా తిరిగింది. బెల్టు ఉండగా అలా తిరిగితే రందా చెక్కని లాగి విసిరేస్తుంది. ఆయన మెయిన్ ఆపేసి, మూడింట్లో ఏవో రెండు వైర్లు అటూ ఇటూ మార్చి మళ్లీ నొక్కాడు. ఈసారి సరిగ్గా తిరిగింది. “ఏ రెండు మార్చాలో ఎలా తెలిసింది?” అన్నాడు బావ. “ఏ రెండైనా ఒకటే సార్” అని ఆయన బెల్టు ఎక్కించాడు.